కవలలు పుట్టిన ఇంట్లో మొదటి మూడు నెలలు: లెక్క తప్పకుండా నెట్టుకురావడం ఎలా

మా చిన్నది కూడా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రాత్రి. దానికి విటమిన్ డి మందు వేసి పడుకోబెట్టాను. అరగంట తర్వాత మా అమ్మ, పెద్దదానికి వేస్తున్నాననుకుని మళ్లీ చిన్నదానికే వేసింది. ఇద్దరివీ ఒకే రంగు జుబ్బాలు, ఒకే రకం పొత్తిళ్లు, గదిలో జీరో బల్బు. సంగతి తెలిసేసరికి నాకు గుండె జారిపోయింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఒక్కసారికి ఫరవాలేదు, ఇకమీదట చూసుకోండి అన్నారు. మా నాన్న ఏమీ మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్లి పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు తీసుకొచ్చి, మంచం పక్కన మేకుకు తగిలించి, పెన్సిలుకు దారం కట్టి దానికి వేలాడదీశారు.

కవలలంటే రెట్టింపు చాకిరీ అని అందరూ భయపెడతారు. నిజమే, కానీ చాకిరీకి ఎలాగో చేతులు దొరుకుతాయి. అమ్మో, అత్తగారో, పిన్నో, పనమ్మాయో సాయం పడతారు. ఎవరు ఎప్పుడు తాగారో, ఎవరికి మందు పడిందో గుర్తుంచుకునే ఓపిక మాత్రం నిద్రలేని ఆ ఇంట్లో ఒక్కరికీ మిగలదు. అందుకే నేను చెప్పేవన్నీ ఆ క్యాలెండరు దగ్గర మొదలవుతాయి. మా పిల్లలు 35 వారాలకే పుట్టారు. పెద్దది 2.1 కిలోలు, చిన్నది 1.7. కవలలు నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టడం మామూలే కాబట్టి మీ ఇంట్లో పరిస్థితి కూడా దీనికి దగ్గర్లోనే ఉండొచ్చు.

ముందు ఎవరు ఎవరో తేల్చుకోండి

ఆస్పత్రిలో కట్టిన చేతిపట్టీలు ఇంటికి రాగానే కత్తిరించకండి. మేం చేసిన తప్పు అదే. వేరే గుర్తు పెట్టాకే వాటిని తీయండి. మందు పొరపాటు జరిగిన మర్నాడే అమ్మ బారసాల దాకా ఆగకుండా ఇద్దరికీ మొలతాళ్లు కట్టేసింది, పెద్దదానికి నల్లది, చిన్నదానికి ఎర్రది. బట్టలు మార్చినా, ఒళ్లు తుడిచినా ఆ గుర్తు ఒంటిమీదే ఉంటుంది. మీ రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి. పిల్లలు ఒళ్లు చేసేకొద్దీ ఒరుసుకుంటుంది, వారానికోసారి చూసి వదులు చేయాలి. మొలతాడు ఆనవాయితీ లేనివాళ్లు ఒకరి కాలి బొటనవేలి గోటికి రంగు వేసుకోవచ్చు. చేతి గోళ్లకు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

ఏమని పిలవాలో కూడా అప్పుడే తేల్చుకోండి. మా ఇంట్లో నేను ముందు పుట్టినదాన్ని పెద్దది అంటే, మా నాయనమ్మ తర్వాత పుట్టినదే పెద్దది అంటుంది, వాళ్ల కాలంలో లెక్క అదేనట. దాంతో ‘చిన్నదానికి పాలు పట్టండి’ అంటే తనకు ఒక పిల్ల, నాకు ఒక పిల్ల. చివరికి నల్లతాడు, ఎర్రతాడు అనే పిలుచుకున్నాం. వినడానికి బాగోదు గానీ పొరపాట్లు ఆగాయి.

లెక్క రాసే పద్ధతి

క్యాలెండరు గళ్లు రెండు రోజులకే చాల్లేదు, పొడుగు నోటుపుస్తకానికి మారాం. ఎడమ పేజీ నల్లతాడుది, కుడి పేజీ ఎర్రతాడుది. ఒక్కో వరసలో టైము, పాలు ఎంతసేపు తాగింది లేదా ఎన్ని మిల్లీలీటర్లు, తడి చేసిందా, విరేచనం అయిందా, మందు. అంతకన్నా ఎక్కువ పెడితే రెండో రోజుకే మానేస్తారు. పని చేసినవాళ్లే రాయాలి, చేసిన వెంటనే రాయాలి. తర్వాత రాద్దాం అనుకున్నది ఇక రాయనట్టే.

ఆ పుస్తకంలో చూడాల్సిన అంకెలు కొన్నే. మొదటి రోజుల్లో పిల్లలు కాస్త బరువు తగ్గుతారు, పుట్టిన బరువులో పదో వంతు దాటి తగ్గకూడదు. రెండు వారాలకు మళ్లీ పుట్టిన బరువుకు రావాలి, నెలలు నిండనివాళ్లకు ఇంకొద్దిరోజులు పట్టొచ్చు. ఐదో రోజు దాటాక ఒక్కో బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. వారానికోసారి ఒకే చోట, ఒకే త్రాసు మీద తూయించండి, త్రాసు మారితే అంకె మారుతుంది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం మా నాన్న కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తిరగేస్తూ ‘కుడి పేజీలో తడి నిన్న నాలుగే ఉన్నాయేంటమ్మా?’ అన్నారు. ఎర్రతాడు ఆ మూడు రోజులూ అసలు ఏడవలేదు. బుద్ధిమంతురాలని మురిసిపోతున్నాం. మర్నాడు తూయిస్తే వారంలో పెరిగింది ముప్ఫై గ్రాములే. ఏడవడానికి కూడా ఓపిక లేక నిద్రపోతోందన్నమాట. కవలల్లో గట్టిగా ఏడ్చేవాళ్లకే పాలు ముందు అందుతాయి, నోరులేనిది వెనకబడుతుంది. కాగితం మీద లేకపోతే మాకు ఇంకో వారం దాకా తెలిసేది కాదు.

ఇద్దరికీ పాలు

‘ఇద్దరికీ నీ పాలు చాలతాయా?’ అన్నది మీరు ఎక్కువగా వినబోయే మాట. పిల్లలు తాగేకొద్దీ పాలు ఊరతాయి, ఇద్దరు తాగితే ఇద్దరికి సరిపడా ఊరే అవకాశం ఒంటిలోనే ఉంది. ఆ ఊట మొదటి రెండు మూడు వారాల్లో కుదురుకుంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఎంత తరచుగా పట్టిస్తే అంత మంచిది. రోజుకు ఒక్కో బిడ్డకు 8 నుంచి 12 సార్లు. బరువు తక్కువ పిల్లలు ఆకలని ఏడుస్తారని ఎదురుచూడకండి, రెండు మూడు గంటలకోసారి మీరే లేపండి. పొత్తిళ్లు విప్పి, అరికాలు గీరి, తడిగుడ్డ మార్చితే లేస్తారు.

మొదటి నాలుగైదు రోజులు ఒక్కొక్కరికే పట్టండి. ఇద్దరికీ చన్ను పట్టడం వచ్చాక ఇద్దరినీ ఒకేసారి పట్టుకోవడం నేర్చుకోండి. మంచం అంచున కూర్చుని ఎప్పటికీ కుదరదు. నేల మీద పరుపు వేసుకుని, వీపు గోడకు ఆనించి, రెండు పక్కలా మోచేతి ఎత్తుకు దిళ్లు పేర్చుకోండి. పిల్ల కాళ్లు మీ చంక కిందుగా వెనక్కి పోవాలి, తల మీ అరచేతిలో ఉండాలి. ఆపరేషన్ అయినవాళ్లకు ఇదే మేలు, కుట్ల మీద బరువు పడదు. ముందు సరిగా చప్పరించలేనిదాన్ని పెట్టండి, దానికి మీ రెండు చేతులూ కావాలి. అది పట్టుకున్నాక రెండోదాన్ని ఎవరైనా అందించాలి. రెండోది గట్టిగా లాగడం మొదలుపెట్టగానే రెండు పక్కలా పాలు ఒక్కసారే దిగుతాయి, బలహీనమైనదానికి కష్టపడకుండానే నోట్లో పడతాయి. ఎర్రతాడు కోలుకున్నది సగం అక్క పుణ్యమే.

ఎవరికి ఏ పక్క అన్నది రోజుకోసారి మార్చండి. పుస్తకంలో పేజీ పైన ‘కు’ అనో ‘ఎ’ అనో రాసుకుంటే చాలు. ఒకరు లేస్తే రెండోవాళ్లను కూడా లేపేయండి. నిద్రపోయే పిల్లను లేపకూడదని పెద్దవాళ్లు కోప్పడతారు, లేపకపోతే మీకు నిద్ర ఉండదు.

చన్ను పట్టలేని పిల్లకు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. తలకాస్త ఎత్తి, గిన్నె మూతిని పెదవి చివర ఆనించి, మింగాకే మళ్లీ కొద్దిగా. పాలసీసా కన్నా ఉగ్గుగిన్నెను కడగడం తేలిక, చన్ను మరిచిపోయే గొడవా తక్కువే. పిండిన పాలు గదిలో నాలుగు గంటలకు మించి ఉంచకండి, మన వేసవిలో ఇంకా ముందే వాడేయండి. ఫ్రిజ్‌లో పెడితే ఆ రోజుకు వాడుకోండి. వేడినీళ్ల గిన్నెలో పెట్టి నులివెచ్చన చేయండి, పొయ్యి మీద కాచొద్దు.

అయినా చాలక డాక్టరు డబ్బాపాలు రాస్తే తప్పు చేసినట్టు కుంగిపోకండి. జాగ్రత్త మాత్రం కలపడంలో ఉంది. మరగకాచిన నీళ్లు బాగా వేడిగా, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే, డబ్బా మీద రాసిన కొలతకు నీళ్లు ముందు పోసి, పొడి చెంచా తలకొట్టి వేయండి. చల్లార్చి పట్టి, రెండు గంటల్లో తాగకపోతే పారబోయండి. ఇద్దరు తాగితే డబ్బా ఇట్టే అయిపోతుంది, ఖర్చుకు జడిసి ఒక చెంచా తగ్గించి పలచగా కలిపే ఇళ్లు ఉన్నాయి. కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. గేదెపాలలో నీళ్లు కలిపి పట్టడం అసలు వద్దు. అన్నట్టు, ఆస్పత్రిలో ఎవరైనా ఊరికే డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి, 1992 నాటి చట్టం ప్రకారం అలా శాంపిళ్లు ఇవ్వడం నిషేధం. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి పేరుతో 2017 నుంచి తల్లిపాల బ్యాంకు ఉంది. బరువు తక్కువ పిల్లలు అలాంటి చోట ఉంటే దాత పాల గురించి అడగండి.

ఇక మీ తిండి. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని, కూరలు తినకూడదని కట్టడి చేసే పథ్యం ఇద్దరికి పాలిచ్చే మనిషికి పనికిరాదు. వెల్లుల్లి కారం, మెంతికూర, పాలసొర ఏది పెట్టినా తినండి, దాంతో పాటు పప్పు, గుడ్డు, మజ్జిగ, దాహం వేసినన్ని నీళ్లు. రాత్రి పూట నాకు పాలిస్తూ ఉండగానే ఆకలితో కళ్లు తిరిగేవి. తలగడ పక్కన సున్నుండల డబ్బా, నీళ్ల చెంబు పెట్టుకున్నాక ఆ బాధ తప్పింది.

రాత్రి గండం

ఒకసారి లెక్కేయండి. ఒక పిల్లకు పాలు 30 నిమిషాలు, భుజాన వేసి త్రేన్పు వచ్చేదాకా తట్టడం, గుడ్డ మార్చడం, పడుకోబెట్టడం ఇంకో 20. ఒకరి తర్వాత ఒకరికి చేస్తే గంటా నలభై నిమిషాలు. మూడు గంటలకోసారి మళ్లీ మొదలు కాబట్టి మీకు మిగిలేది గంటా ఇరవై. ఇద్దరికీ కలిపి చేస్తే, పక్కన ఇంకో మనిషి ఉంటే, గంటలోపు అయిపోతుంది. దాదాపు రెండు గంటల నిద్ర.

అందుకే రాత్రికి మనుషుల్ని పంచుకోండి. అందరూ అన్నిసార్లూ లేవడం కన్నా దండగ పని లేదు, తెల్లారేసరికి ఇల్లంతా పీనుగుల్లా ఉంటుంది. మా ఇంట్లో పది నుంచి రెండు దాకా అమ్మ నాకు తోడు, రెండు నుంచి ఆరు దాకా పిన్ని. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, నేను పుట్టింట్లో తెనాలిలో. శుక్రవారం రాత్రి బస్సు దిగేవారు. శని, ఆదివారం రాత్రుల్లో ఒక పూట పిండిన పాలు తనే ఉగ్గుగిన్నెతో పట్టేవారు, నేను ఏకబిగిన ఐదు గంటలు పడుకునేదాన్ని. మొదటిసారి సగం పాలు పిల్ల మెడలోకే పోయాయి. మా అమ్మ అల్లుడుగారి చేత ఇదేం పని అని గిన్నె లాక్కోబోయింది, నేనే వద్దన్నాను. పుట్టిల్లైనా సరే, మీ ఆయన్ని చుట్టంలా కూర్చోబెట్టకండి.

సాయంత్రమే ఒక బుట్టలో గుడ్డలు సర్దిపెట్టుకోండి. ఇద్దరికీ కలిపి రోజుకు 16 నుంచి 20 గుడ్డలు కావాలి. పాత నూలు చీరలు, మెత్తబడ్డ పంచెలు చింపి దాచుకోండి. ముసురు పడితే ఆరవు, ఆ నాలుగు రోజులకు డైపర్లు పెట్టుకోండి. కరెంటు పోతే చేతికందేలా టార్చి ఉండాలి.

పిల్లల్ని వెల్లకిలానే పడుకోబెట్టండి, ఎవరి పక్క వాళ్లకే. ఒకే ఉయ్యాలలో ఇద్దరు ముద్దుగా ఉంటారు గానీ, ఒకరి చెయ్యి ఇంకొకరి ముక్కు మీద పడుతుంది. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా పక్కన పెట్టేయండి. పక్క గట్టిగా ఉండాలి, మొహం దగ్గర దిండూ దుప్పటీ ఏవీ ఉండకూడదు.

నీళ్లు పోయడం, వెచ్చగా ఉంచడం

చిన్న పిల్లలు చల్లబడటం తొందరగా జరుగుతుంది. మీ చేతి వెనక వైపుతో పిల్ల పొట్ట, పాదం రెండూ ముట్టుకుని చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే అప్పటికే చలి పట్టినట్టు. అప్పుడు ఎన్ని దుప్పట్లు కప్పినా మీ ఒంటి వేడి చేసినంత పని చేయవు. గుడ్డ, టోపీ తప్ప ఏమీ లేకుండా ఎదమీద నిలువుగా ఆనించుకుని పైన మీ చీర కప్పుకోండి. దీన్నే కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలని ఆస్పత్రిలో మొదలైంది. కవలలకు ఇది భలే కుదురుతుంది, ఒకరు మీ ఎదమీద, ఒకరు వాళ్ల నాన్న ఎదమీద.

కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోయడం రెండున్నర కిలోలు దాటేదాకా వద్దని మా డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అప్పటిదాకా తడిగుడ్డతో తుడవడమే. తర్వాతైనా ఇద్దరికీ ఒకే రోజు అక్కర్లేదు, ఈ రోజు ఒకరికి, రేపు ఒకరికి. నీళ్లు పోసే ఆవిడ ముక్కుల్లో చెవుల్లో నూనె పోస్తానంటే వద్దనండి. తేనె, వస, గ్రైప్ వాటర్, మంచినీళ్లు ఏవీ వద్దు. సాంబ్రాణి గురించి పెద్దవాళ్లతో యుద్ధం పెట్టుకోకండి. పొగ పక్క గదిలో మీ జుట్టుకు వేయించుకోండి, అటు వాళ్ల మాటా నిలబడుతుంది, ఇటు పిల్లల ఊపిరితిత్తులకూ పొగ తగలదు.

ఒకరు ఇంట్లో, ఒకరు ఆస్పత్రిలో ఉంటే

మా చిన్నది పది రోజులు గుంటూరులో గాజుపెట్టెలో ఉంది, నేనూ పెద్దదీ తెనాలిలో. ఇంట్లో ఉన్నదాన్ని ఎత్తుకుంటే అక్కడున్నది గుర్తొచ్చి ఏడుపు. ఏడుస్తూనే మూడు గంటలకోసారి పాలు పిండండి, రాత్రిళ్లు కూడా. అది ఆపితే ఊట తగ్గిపోతుంది, ఆ పిల్ల ఇంటికొచ్చాక తిరిగి తెచ్చుకోవడం కష్టం. మరిగించిన స్టీలు డబ్బాలో పోసి, మూత మీద పేరు, టైము రాసి, ఐసు పెట్టిన ఫ్లాస్కులో పంపండి. ఎవరు వెళ్లినా ఆ రోజు బరువెంతో, ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో అడిగి రావాలి. కుడి పేజీ ఖాళీగా ఉండకూడదు.

పరీక్షలు, సూదులు, కాగితాలు

34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి. నెలలు నిండని పిల్లల్లో కంటి వెనక రక్తనాళాలు వంకర పెరిగితే చూపు పోతుంది, వేళకు పట్టుకుంటే వైద్యం ఉంది. బయటికి కన్ను చక్కగానే కనిపిస్తుంది కాబట్టి చూసి తెలుసుకోలేరు. మా డిశ్చార్జి కాగితంలో ఆ మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఇద్దరిలో చిన్నదానికి మాత్రమే అవసరమైనా తేదీ పుస్తకం అట్ట మీదే రాసుకోండి. వినికిడి పరీక్ష కూడా అడగండి.

టీకాలు పుట్టిన తేదీ లెక్కన 6, 10, 14 వారాలకు, డాక్టరు ఆగమంటే తప్ప. ఇద్దరి కార్డులూ వేరు, పైన తాడు రంగు గీయండి. సూది పడ్డ రాత్రి ఇద్దరూ కలిసి కాక పెడతారు. వేరే వేరే రోజుల్లో వేయించమని సలహా ఇస్తారు గానీ, నా మటుకు ఒక రాత్రి జాగారమే నయం. జ్వరం మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది, ఇద్దరికీ ఒకటి కాదు. పైగా చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండొచ్చు. విటమిన్ డి కూడా అంతే, కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నింట్లో 800. సీసా మారితే డాక్టరును మళ్లీ అడిగి, కొత్త కొలత రెండు పేజీల్లోనూ రాయండి.

జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం, పేర్లు ఏడాదిలోపు చేర్పించుకోవచ్చు. రెండు పత్రాల్లో పుట్టిన టైములు తారుమారు కాలేదని చూసుకోండి. ఉద్యోగస్తులకు, ఇదే తొలి కాన్పైతే, కవలలైనా 26 వారాల ప్రసూతి సెలవు వర్తిస్తుంది.

చూడ్డానికి వచ్చేవాళ్లు

చేతులు కడుక్కోమనండి, దగ్గు జలుబు ఉంటే గుమ్మంలోంచే చూడమనండి. వచ్చినవాళ్లు ఏం సాయం కావాలని అడిగితే మొహమాటపడకండి, ఆరిన గుడ్డలు మడతపెట్టమనండి. ‘పాపం ఇది పీలగా ఉందే’ అని పిల్ల ఎదుటే అంటే, పుస్తకం తెరిచి ఈ వారం ఎంత పెరిగిందో చదివి వినిపించేదాన్ని. మళ్లీ ఎవరూ అనలేదు.

మీ సంగతి

ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి. పిల్లల మందుల ధ్యాసలో మీవి మరిచిపోతారు, వాటికీ ఒక గడి పెట్టండి. కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం ఉంటే చూపించుకోండి. మొదటి వారం కారణం లేకుండా ఏడుపొస్తుంది, పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, పిల్లలు నిద్రపోయినా మీకు నిద్ర రాకపోయినా, పిల్లల మీద విరక్తి పుట్టినా, దాన్ని బాలింత గుణం అని కొట్టిపారేయనివ్వకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. మీకు చెప్పే ఓపిక లేకపోతే మీ ఆయన్ని చేయమనండి.

ఆలోచించకుండా ఆస్పత్రికి

వీటిని గోడకు అంటించుకోండి: పాలు తాగడం మానేయడం, లేపినా లేవకపోవడం, నిమిషానికి 60 దాటి ఊపిరి తీయడం, ఊపిరికి డొక్కలు లోపలికి పోవడం, ఒళ్లు 38 డిగ్రీలు దాటి కాలడం లేదా ఎంత కప్పినా చల్లగా ఉండటం, అరచేతులు అరికాళ్లు పసుపెక్కడం, పెదవులు నీలంగా మారడం, ఫిట్స్. 108కి ఫోన్ చేసేటప్పుడే ఇంట్లో ఉండిపోయే పిల్లకు పాలు ఎవరు పడతారో కూడా తేల్చుకోండి. ఒకరికి సుస్తీ చేస్తే రెండోదాన్ని కూడా ఒకసారి తాకి చూడండి.

పుస్తకం ఎప్పుడు మూయాలి

ఇద్దరూ వారం వారం నిలకడగా పెరుగుతూ, డాక్టరు ఇక రాత్రిళ్లు లేపక్కర్లేదు అన్నాక పాల గడి ఆపేయొచ్చు. మాకు అది మూడో నెల చివర్లో. ఆ తర్వాత నెలకు తడి గడి కూడా ఆపేశాం. మందు గడి మాత్రం చుక్కలు వేస్తున్నన్నాళ్లూ ఉంచండి.